థాయ్‌లాండ్‌కు బియ్యం మోసుకుపోకు తమ్ముడూ

ప్రశ్న: అక్కా, నమస్తే. సింగరేణి బొగ్గు బాయిల ఓవర్‌మన్‌గ, అంటే పని చూసుకునే సూపర్‌వైజర్‌గ, చేసి నిరుడు దిగిపోయిన. గోదావరిఖని క్వార్టర్ అప్పజెప్పి హన్మకొండల ఉంటున్నం, సొంతిల్లే. నాకు 61, మా ఇంటామెకు 57. పెన్షన్ 31,000, బ్యాంకుల ఏసిన పైసల మీద నెలకు 14,000 మిత్తి వస్తది. ఇంటి ఖర్చు 28,000 దాటదు. థాయ్‌లాండ్‌ల చియాంగ్ మాయ్ అనే ఊర్ల రిటైరైన అమెరికోళ్లు మస్తు చవకగ బతుకుతున్నరని వీడియోలల్ల చూస్తున్న. ఏప్రిల్‌ల ఇక్కడి ఎండ తప్పించుకోని ఒక నెల పోయి ఉండి వద్దామని ఉన్నది. టికెట్లు పోను 60,000లల్ల ఎల్లదీయాలని లెక్క ఏసిన. 15 కిలోల బియ్యం, పచ్చళ్లు, రైస్ కుక్కర్ పట్టుకపోతం. మా ఇంటామెకు పొయ్యి ఒకటి ఉంటే సాలు, ఎక్కడికైనా వస్తది. మంచిగనిపిస్తే అక్కడనే ఏండ్లకేండ్లు ఉండొచ్చా? నాకు షుగర్ ఉన్నది, ఆమెకు మోకాళ్ల నొప్పులు, శనివారం నీసు ముట్టదు. మీరు పోయి వచ్చిన్రట గద, జర చెప్పున్రి.
– సింగరేణి రిటైర్డ్ ఉద్యోగి, హన్మకొండ

సమాధానం:

తమ్ముడూ,

అక్కా అని పిలిచావు, నీకంటే ఐదేళ్లు పెద్దదాన్నే, కాబట్టి మీరు గీరు లేకుండా రాస్తున్నాను.

ముందు బియ్యం సంగతి. థాయ్‌లాండ్‌కు బియ్యం మోసుకుపోవడమంటే తట్టలో బొగ్గు నింపుకుని బాయిలోకి దిగడమే. ప్రపంచానికి బియ్యం అమ్మే పెద్ద దేశాల్లో అదొకటి. మన హెచ్‌ఎంటీ, జైశ్రీరాం లాంటి పొడిపొడి అన్నం దొరకదు, నిజమే. వాళ్ల మల్లెవాసన బియ్యం కొంచెం మెత్తగా ఉడుకుతుంది. ఉత్తరాన చియాంగ్ మాయ్ వైపైతే అసలు తిండి జిగురన్నం. చిన్న వెదురుబుట్టలో పెట్టి ఇస్తారు, చేత్తో ముద్ద చేసి అద్దుకుని తినడమే. ఎసరు తగ్గించి పెడితే మల్లె బియ్యం కూడా మన నోటికి పట్టేట్టుగానే వస్తుంది. మూడో రోజుకే నాకు చెయ్యి కుదిరింది. నువ్వు మోయాల్సింది పోపుగింజలు, పసుపు, మన కారం, కాసిన్ని వేయించిన నువ్వులు. రెండు కిలోలకు మించదు.

ఇక ఏప్రిల్. ఎండ తప్పించుకోవడానికి చియాంగ్ మాయ్ పోవాలనుకోవడం రామగుండం నుంచి కొత్తగూడెం పోయి చల్లగుంటదనుకోవడం లాంటిది. ఏప్రిల్‌లో అక్కడ కూడా 40 దాకా పోతుంది. అంతకంటే చెడ్డది పొగ. ఊరు చుట్టూ కొండలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అడవుల్లో, చేన్లలో పెట్టే మంటల పొగంతా పళ్లెంలో నీళ్లలా ఆ కొండల నడుమ నిలిచిపోతుంది. ప్రపంచంలో గాలి బాగా చెడిపోయిన నగరాల జాబితాల్లో ఆ రోజుల్లో దాని పేరు తరచూ పైనే కనపడుతుంది. అక్కడే స్థిరపడ్డ తెల్లవాళ్లు చాలామంది ఆ రెండు మూడు నెలలు దక్షిణాన సముద్రం ఒడ్డుకు వెళ్లిపోతారు. ఈ ముక్క నువ్వు చూసిన వీడియోల్లో ఎవరూ చెప్పలేదేమో. ఇన్నేళ్లు బాయి దుమ్ము పీల్చినవాడివి, పైసలు పెట్టి పొగ కొనుక్కోవద్దు.

పోతే నవంబర్ నుంచి జనవరి మధ్యలో పో. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి శాలువా అడుగుతుంది. నవంబర్ అంటే నీకు లైఫ్ సర్టిఫికెట్ నెల. మొదటి వారంలోనే ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ పూర్తిచేసి, రసీదు చూసుకున్నాకే విమానం ఎక్కు.

మేం 2024 నవంబర్‌లో పోయాం. కార్తీక పౌర్ణమి ఆ ఏడు 15న వచ్చింది. ఇక్కడ వేయిస్తంభాల గుళ్లో దీపాలు వెలిగే రాత్రే అక్కడ పింగ్ నదిలో అరటిబోదె ముక్క మీద పూలు, వత్తి, అగరుబత్తి పెట్టి వదులుతున్నారు. లోయ్ క్రథోంగ్ అంటారు. మీ బావ గట్టు మీద నిలబడి "కార్తీక దీపానికి ఇంత దూరం రావాల్నా?" అన్నాడు. కానీ చివరిదాకా కదల్లేదు. చూడాల్సిన పండుగే. అయితే ఆ వారం గదుల అద్దెలు కొండెక్కుతాయి. పైసలే ముఖ్యమైతే పండుగ దాటాక పో.

ఇప్పుడు అసలు లెక్క. చియాంగ్ మాయ్ చవక అన్న మాట అబద్ధం కాదు, కాకపోతే ఆ మాట అన్నవాడి జేబు వేరు. అమెరికాలో పనిచేసి దిగిపోయినవాళ్లకు సర్కారు ఇచ్చే సోషల్ సెక్యూరిటీ సగటున నెలకు సుమారు 2,000 డాలర్లు. మన రూపాయల్లో లక్షా డెబ్బై వేల పైమాట. అక్కడ వాడికి ఇంటి అద్దెకే అందులో చాలా భాగం పోతుంది. చియాంగ్ మాయ్ వస్తే అద్దె పోను తిని, తిరిగి, ఇంకా మిగుల్తుంది. నువ్వు అటు తిరగేసి చూడు. సొంతింట్లో 28,000తో గడిచే మనిషివి అద్దె గదికి పోతున్నావు. వాడు పోతే ఖర్చు సగానికి పడుతుంది, నువ్వు పోతే మూడింతలవుతుంది. ఊరు ఒకటే, కూరగాయల రేట్లూ ఒకటే.

మా నోట్‌బుక్ ముందర పెట్టుకునే రాస్తున్నాను. ఇద్దరికి, నెలకు. గది 11,000 బాట్లు, కరెంటు, నీళ్లు 1,450. బయట తిండి 9,800, సరుకులు, కూరగాయలు 3,900. తిరగడానికి 1,800, ఫోన్ సిమ్ములు 500, బట్టలు ఉతికించినది 480, గుళ్లు గోపురాలు, చిల్లర మల్లర 1,900. మెట్టు మీద నా మడమ బెణికితే క్లినిక్‌లో 640. మొత్తం 31,470 బాట్లు. బాట్‌కు మూడు రూపాయల చొప్పున పట్టు. బ్యాంకు కోతలన్నీ కలిపితే చేతికి అంతే పడుతుంది. 94,410 రూపాయలైంది. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ రానుపోను ఇద్దరికి 38,600, అక్కడి నుంచి రాత్రి రైలు రెండు వైపులా సుమారు 12,000, ఇన్సూరెన్స్ 6,900. వెరసి లక్షా యాభై రెండు వేలు. ఒక గదిలో పోగొట్టుకున్నది ఇందులో కలపలేదు, ఆ కథ కిందికి వస్తుంది.

మేం దుబారా మనుషులం కాదు. కాబట్టి టికెట్లు పోను నీ 60,000 ఎక్కడ చాలుతుందని నాలుగుసార్లు తిరగేసి చూశాను. చాలే తొవ్వ ఒక్కటే కనపడింది. నెలలో తొంభై పూటలూ మరదలు వండాలి.

"మా ఇంటామెకు పొయ్యి ఒకటి ఉంటే సాలు" అని రాశావు చూడు, నీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది ఆ వాక్యం దగ్గరే.

ఆ తప్పు మేమూ చేశాం. మా గదిలో వంటిల్లు లేదు. బాల్కనీలో మోకాలెత్తు సింకు, దాని పక్కన స్టూలు మీద కరెంటు పొయ్యి. వంగి కడగాలి, వంగి తరగాలి, వంగి కలపాలి. మొదటి రెండు వారాలు మూడు పూటలా నేనే వండాను. మీ బావ పొద్దుగాల వాకింగ్, పదింటికి గుడి, మధ్యాహ్నం కునుకు, రాత్రి నోట్‌బుక్. పదమూడో రోజు రాత్రి పెన్ను మూత పెట్టి "ఇయ్యాల 290లనే ఎల్లింది, సూసినవా?" అని మురిసిపోయాడు. నేను ఆ సింకు ముందర వంగి గిన్నెలు తోముతున్నాను. "నా కూలి ఏసినవా?" అన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

ముప్పై ఆరేళ్లు టెలిఫోన్ల ఆఫీసులో చేసి, వచ్చి ఇంట్లో చేసి, రిటైరయ్యాక దేశం దాటిపోయి అదే పని ఇంకా ఇరుకు జాగాలో చేస్తే, దాన్ని చవక అని పుస్తకంలో రాసుకున్నాం. ఆ మర్నాటి నుంచి పద్ధతి మారింది. పొద్దుగాల పండ్లు, గుడ్లు, టీ గదిలోనే. మధ్యాహ్నం బయట. రాత్రి వంట మీ బావది.

ఆయనకు వచ్చింది ఒక్కటే, పచ్చి పులుసు. అదృష్టం ఏమిటంటే దానికి పొయ్యే అక్కర్లేదు. అక్కడ చింతపండుకు కొదువ లేదు, గింజ తీసి ముద్దచేసి అమ్ముతారు. బెల్లానికి బదులు తాటిచక్కెర. ఉల్లిగడ్డలు మన వేలెడంతవి, ఎర్రగా ఉంటాయి. మనం మోసుకుపోయిన నువ్వులు దంచి వేస్తే సరి. మొదటి రోజు చిటికెన వేలు గోరంత పొడవున్న వాళ్ల మిరపకాయలు చూసి "ఇవ్వేం మిర్పకాయలు, బుడ్డయి" అని ఎనిమిది పిసికి వేశాడు. ఒక్క గుటక మింగి కండ్లనీళ్లు పెట్టుకుని పది నిమిషాలు మాట్లాడలేదు. రెండో రోజు నుంచి ఒకటిన్నర. వేడన్నం, పచ్చి పులుసు, పక్కన సందు చివర కొన్న కాల్చిన కోడి ముక్క. ఆ నెలలో నాకు బాగా గుర్తున్న భోజనాలవే.

మన దగ్గర ఇగురం అనే మాట ఉంది కదా. ఇగురం గల్ల మనిషి అంటే ఉన్నదాంట్లో అందరికీ సరిపోయేట్టు చూసేది. ఒకరి నడుము విరిచి మిగిల్చిన దానికి ఇంకో పేరుంది, ఇక్కడ రాయను. బయట తినే 9,800 బాట్లు తగ్గిస్తే నీ లెక్క దాదాపు కుదురుతుంది, నాకు తెలుసు. దాన్ని మాత్రం ముట్టకు.

పరదేశంలో పొదుపు మన జిల్లాలకు కొత్త కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లను అడుగు. మా చిన్న తమ్ముడు షార్జాలో పద్నాలుగేళ్లు చేశాడు. ఒక గదిలో ఎనిమిది మంది, వంతులవారీగా వంట, ఎవరి వంతు వాళ్లదే. "అక్కా, దేశం గాని దేశంల పైసలు పోయేది మొదటి వారంలనే" అనేవాడు. రేటు తెలియదు, తొవ్వ తెలియదు, భయానికి టాక్సీ, ఆకలికి కనపడ్డ హోటలు. మాకూ అచ్చం అంతే అయింది. అయితే వాడు కడుపు కట్టుకున్నది ఇంటికి పంపడానికి, చెల్లె పెండ్లికి. నువ్వు పోయేది హాయిగా ఉండి రావడానికి. అందుకే వాడి దగ్గర వంతుల పద్ధతి నేర్చుకో, కడుపు కట్టుకోవడం నేర్చుకోకు.

ఇప్పుడు గది కథ. నెల మొత్తానికి ఇక్కడి నుంచే గది ఖాయం చేసుకోవద్దు. మేం నది దగ్గర, కింది అంతస్తులో, ఫొటోల్లో అద్దంలా మెరుస్తున్న గదికి నెల పైసలు ముందే కట్టాం. 2024 అక్టోబర్ మొదట్లో పింగ్ నది ఊరి మీదికి వచ్చిందని మాకు తెలియదు. తలుపు తీస్తే తడిసిన గోనెసంచి వాసన. కొత్తగా సున్నం కొట్టినా నడుమెత్తున చారికలు గోడ మీద మళ్లీ తేలుతున్నాయి. మీ బావకు రెండో రాత్రికే పిల్లికూతలు. ఖాళీ చేస్తామంటే యజమాని కొంత తిరిగిచ్చి 4,200 బాట్లు పట్టుకున్నాడు. అంటే మన 12,600.

అందుకే నాలుగు రాత్రులకు మాత్రమే ముందు తీసుకో. దిగాక పొద్దుగాల పూట నడిచి చూసుకుంటూ పో. పాతపట్నం చతురస్రంగా ఉంటుంది, చుట్టూ అగడ్త. మన కోటకు కందకం ఉన్నట్టే, కాకపోతే వాళ్లది నీళ్లతో నిండుగా ఉంటుంది. మెంగ్రాయ్ అనే రాజు 1296లో కట్టించిన ఊరు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న కాలమే. ఆ అగడ్త లోపల అద్దెలు ఎక్కువ. దాటి పదిహేను నిమిషాలు నడిస్తే తగ్గుతాయి. అద్దె మాట్లాడేటప్పుడు మూడు అడుగు. కరెంటు యూనిట్ ఎంత? అక్కడ బిల్డింగులవాళ్లు సర్కారు రేటు మీద కలుపుకుని 7, 8 బాట్లు వసూలు చేస్తారు, రాత్రంతా ఏసీ నడిస్తే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు? గదిలో కరెంటు పొయ్యి పెట్టుకోనిస్తారా? చాలాచోట్ల ఒప్పుకోరు, రైస్ కుక్కర్‌కు మాత్రం ఏమనరు. లిఫ్టు ఉన్నదా అని అడగాల్సిన పని లేదు, మరదలి మోకాళ్లకు లిఫ్టు లేని గది చూడనే చూడకు. మీరు దిగిన సంగతి ఇంటి యజమాని 24 గంటల్లో ఇమ్మిగ్రేషన్‌కు తెలపాలి. ఆ ఫారం పేరు టీఎం 30. ఇచ్చారా అని అడిగి ఉంచుకో.

తిండికి ఇబ్బంది లేదు. అన్నం మీద కూర పోసిచ్చే బండ్లల్లో 50, 60 బాట్లకు ఒక పూట గడుస్తుంది. శనివారం నీసు ముట్టదన్నావు కాబట్టి ఒక మాట నేర్చుకో: "గిన్ జే". అంటే మాంసం, చేప, గుడ్డు ఏదీ లేని తిండి. ఉత్తగా మాంసం వద్దంటే మాంసం వేయరు గాని చేపల నీళ్లు పోస్తారు. నామ్ ప్లా అంటారు, మనకు ఉప్పెంతో వాళ్లకు అదంత. పసుపుపచ్చ జెండా మీద ఎర్ర అక్షరం కనపడితే అది జే హోటల్. కూరగాయలకు వరోరొట్ అంగడికి పో. చుట్టుపక్కలవాళ్లు కాడ్ లువాంగ్ అంటారు, పెద్దంగడి అని. మన కుమార్‌పల్లి మార్కెట్‌లో నడిచినట్టే ఉంటుంది, పొద్దుగాలే పోతే.

తాగే నీళ్లు సీసాలు కొనకు. సందు మొదట్లో ఫ్రిజ్ అంత పెట్టె ఉంటుంది. నాణెం వేసి డబ్బా పెడితే బాట్‌కు లీటరు చొప్పున శుద్ధిచేసిన నీళ్లు పడతాయి. మా సందులో ఒక ముసలమ్మ నన్ను చూసి, నా చేతిలోంచి డబ్బా తీసుకుని, ముందు గొట్టం తుడిచి, కాసిన్ని నీళ్లు కిందికి వదిలి, అప్పుడు పట్టి ఇచ్చింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. రోజూ సాయంత్రం ఐదున్నరకు ఇద్దరం డబ్బాలతో అక్కడే కలిసేవాళ్లం. వచ్చేరోజు ఆమెకు సకినాలు ఇచ్చాను. కరకరా నమిలి బొటనవేలు చూపించింది.

తిరగడానికి ఎర్రరంగు సాంగ్‌థావ్‌లు. మన టాటా ఏస్‌లో ఎదురెదురు బల్లలు వేసినట్టుంటాయి. ఎక్కేముందు పోయే చోటు చెప్పు, తలూపితే ఎక్కు, దిగాక పైసలు ఇవ్వు. మేం పోయినప్పుడు మనిషికి 30 బాట్లు. ఎక్కకముందే రేటు అడిగితే టాక్సీ రేటు చెప్తారు. స్కూటీ అద్దెకు తీసుకుందామన్న ఆలోచన ఉంటే మానుకో. ఇంటర్నేషనల్ పర్మిట్ లేకుండా నడిపి పడితే జరిమానా ఒకటే కాదు, ఇన్సూరెన్స్ వాళ్లూ చేతులెత్తేస్తారు. దోయ్ సుథేప్ కొండ గుడికి మూడు వందలకు పైగా మెట్లు, మోకాళ్ల నొప్పులవాళ్లకు పక్కన లిఫ్టు బండి ఉంది. పాతపట్నం నైరుతి మూలన బువాక్ హాట్ తోట ఉంది, పొద్దుగాల నడవడానికి, కూర్చోవడానికి. పైసా ఖర్చు లేదు. మీ బావకు సోపతిగాళ్లంతా అక్కడే దొరికారు.

పైసల సంగతి. డెబిట్ కార్డు విదేశంలో పనిచేయాలంటే ఇక్కడ బ్యాంకు యాప్‌లోనే ఆ మీట తెరవాలి, మామూలుగా మూసి ఉంటుంది. ఫోన్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ కూడా ఇక్కడే చేయించు. లేకుంటే ఓటీపీ రాదు, ఓటీపీ రాకుంటే నీ పైసలు నీవి కావు. అక్కడి ఏటీఎంలు మన కార్డు పెట్టిన ప్రతిసారీ కోత వేస్తాయి, మేం పోయినప్పుడు 220 బాట్లు. వెయ్యి తీసినా అంతే, పదివేలు తీసినా అంతే, కాబట్టి ఒకేసారి ఎక్కువ తీయి. రూపాయల్లో లెక్క కట్టమంటారా అని తెర మీద అడుగుతుంది, వద్దను. ఒప్పుకుంటే వాళ్ల రేటుతో గుంజుతారు. కొన్ని డాలర్లు లైసెన్సున్న ఫారెక్స్ వాళ్ల దగ్గర రసీదుతో కొనుక్కో. మన నోట్లు అక్కడ మార్చితే రేటు రాదు. ఫోన్‌పే చేద్దామని సంతలో నిలబడకు.

కాగితాలు. 2024 జులై 15 నుంచి మనవాళ్లకు వీసా లేకుండా 60 రోజులు ఇచ్చారు. ఇలాంటివి మారుస్తూ ఉంటారు, టికెట్ కొనే రోజే థాయ్ ఎంబసీ సైట్‌లో చూసుకో. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు కూడా వచ్చింది. దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. ఉచితం. దానికి పైసలు అడిగే సైట్ కనపడితే అది దొంగది. తిరుగు టికెట్, గది కాగితం చేతిలో ఉంచుకో.

నీ సింగరేణి మెడికల్ కార్డు అక్కడ పనికిరాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకో, ఫారంలో షుగర్ ఉందని రాయి. దాచావనుకో, అవసరం పడ్డ రోజు వాళ్లు వెతికేది అదే. మాత్రలు నలభై రోజులకు సరిపడా, స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ చీటీతో, సగం చేతిసంచిలో సగం పెట్టెలో. ఇద్దరిలో ఎవరైనా నిద్రమాత్రలు వాడితే ముందే చూసుకో. అల్ప్రజోలం లాంటివి అక్కడ గట్టి నియంత్రణలో ఉన్నాయి. నడకకు అలవాటైన చెప్పులు పట్టుకుపో, షుగర్ కాళ్లకు కొత్త చెప్పులు పరదేశంలో వేయకు.

ఏండ్లకేండ్లు ఉండే ముచ్చట రెండు మాటల్లో తేల్చేస్తాను. థాయ్‌లాండ్ రిటైర్మెంట్ పద్ధతిలో ఉండాలంటే 50 ఏళ్లు నిండాలి, అది నీకు సరే. అక్కడి బ్యాంకులో 8 లక్షల బాట్లు, అంటే దాదాపు 24 లక్షల రూపాయలు పెట్టాలి. లేదంటే నెలకు 65,000 బాట్ల ఆదాయం చూపాలి. మన లెక్కలో రెండు లక్షలకు దగ్గర. ప్రతి 90 రోజులకు ఇక్కడే ఉన్నానని చెప్పాలి. బొగ్గు పెన్షన్‌కు ధరలను బట్టి పెరిగే డీఏ లేదని నాకంటే నీకే బాగా తెలుసు. నీ 31,000 పదేళ్లకైనా 31,000గానే ఉంటుంది, చియాంగ్ మాయ్‌లో గది అద్దె మాత్రం అలా ఆగి ఉండదు. దిగిపోయినప్పుడు వచ్చిన పైసలు విరిచి పరాయి బ్యాంకులో వేయమని నేను చెప్పను.

ఒక నెల మాత్రం పోవచ్చు, పోవాలి కూడా. ఈ ఏడు వద్దు. నీకు పెన్షన్, మిత్తి కలిపి 45,000 వస్తున్నాయి, ఇంటికి 28,000 పోతున్నాయి. మిగిలిన దాంట్లో నెలకు 8,000 పక్కన పెడితే ఏడాదికి 96,000. నీ దగ్గరున్న 60,000తో కలిపితే 1,56,000. మా ఖర్చు అంతే. వచ్చే నవంబర్‌కు కడుపు నిండా తింటూ పోయి రావచ్చు.

ఎండ తప్పించుకోవడమే ముఖ్యం, ఆగలేనంటావా? నేపాల్‌లో పోఖరా చూడు. వీసా లేదు. వాళ్ల రూపాయి 1993 నుంచి మన రూపాయికి 1.60 దగ్గర కట్టేసి ఉంది, కాబట్టి లెక్క తేలిక. దుకాణాల్లో యూపీఐ నడుస్తుంది. పప్పు, అన్నం, కూర అడిగినన్ని సార్లు వడ్డిస్తారు. చెరువు గట్టున చిన్న గదిలో పదిహేను రోజులు ఉండి చూడండి. మీ ఇద్దరికీ పరాయి ఊళ్లో ఒకే గదిలో ఎన్నాళ్లు పొసుగుతుందో అక్కడే తెలిసిపోతుంది. ఇన్నేళ్లు నువ్వు షిఫ్టులని ఇంటి బయటే గడిపిన మనిషివి. రోజుకు 24 గంటలు ఎదురెదురుగా కూర్చోవడం మీ ఇద్దరికీ కొత్త.

ఈ జవాబు మరదలికి చదివి వినిపించకు, నడుమ కొన్ని మింగేస్తావు. కాగితం ఆమె చేతికే ఇవ్వు. ఆమెకు ఎక్కడికి పోవాలని ఉందో, అసలు పోవాలని ఉందో లేదో నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అది ఆమెనే రాయమను. ఆ ఉత్తరానికి జవాబు ముందు ఇస్తాను.

– మీ అక్క